1841 జనాభా లెక్కల దగ్గర ఆగిపోయాం, స్కాట్లండ్ పాత రికార్డులు తెలిసినవాళ్ళు కాస్త దారి చెప్పండి

డండీ_కోడలు

అందరికీ నమస్కారం. మాది తెనాలి, పెళ్ళయ్యాక స్కాట్లండ్‌లో డండీలో ఉంటున్నాం. మా ఆయనది ఇక్కడి కుటుంబమే, జనపనార మిల్లుల్లో తరతరాలుగా పనిచేసినవాళ్ళు. పిల్లలకి నా వైపు మా తాతయ్య రాసిపెట్టిన వంశవృక్షం ఉంది, ఏడు తరాల పేర్లు ఉన్నాయి, కాకపోతే అన్నీ మగవాళ్ళ పేర్లే. వాళ్ళ నాన్న వైపు మాత్రం మా అత్తయ్యకి తన తాతగారి పేరు దాకానే తెలుసు. ఆవిడకి డెబ్బై దాటాయి, తన వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో తెలుసుకోవాలని ఎంతో ఆశగా ఉంది, నాకూ పిల్లల కోసం ఇది పూర్తిచేయాలని ఉంది.

ఇంతవరకు దొరికింది ఇది. అత్తయ్య ముత్తాత 1855లో డండీలో పుట్టినట్టు స్కాట్లండ్స్‌పీపుల్ (స్కాట్లండ్ ప్రభుత్వ పాత రికార్డులు వెతికే సైటు) ఇండెక్స్‌లో కనిపించింది. ఆయన తండ్రి జేమ్స్. 1861 జనాభా లెక్కల్లో ఈ జేమ్స్ డండీలోనే ఉన్నాడు, వయసు 35, పుట్టిన ఊరు కిర్రీమ్యూర్ అని ఉంది. సరే అని కిర్రీమ్యూర్ 1841 లెక్కలు తీస్తే ఒక ఇంట్లో జాన్ 40, మార్గరెట్ 40, జేమ్స్ 15, ఆన్ 13, ఎల్స్‌పెత్ 10 అని వరసగా ఉన్నారు, జాన్ వృత్తి మగ్గం నేత. కానీ ఎవరు ఎవరికి ఏమవుతారో ఎక్కడా రాయలేదు. 1851లో అదే జాన్, అదే మార్గరెట్ ఉన్నారు గానీ జాన్ వయసు 53 అని ఉంది! పదేళ్ళలో పదమూడేళ్ళు ఎలా పెరుగుతాయి? ఆ ఇంట్లో అప్పటికి జేమ్స్ లేడు.

ఇంకో చిక్కు. పారిష్ (ఒక్కో చర్చి కింద ఉండే ప్రాంతం) రిజిస్టర్లలో 1797–98 ప్రాంతంలో కిర్రీమ్యూర్‌లో అదే ఇంటిపేరుతో ఇద్దరు జాన్‌లకి బాప్తిస్మం జరిగింది. ఒకరి తండ్రి డేవిడ్, ఇంకొకరి తండ్రి జేమ్స్. మనవాడు ఎవరు? ఆ ఇంటిపేరు ఇక్కడ వీధికి పదిమందికి ఉంటుంది, అందుకే భయంగా ఉంది.

ఇవన్నీ చూస్తుంటే ఒక సైటులో ఎవరో పెట్టిన వంశవృక్షం కనిపించింది, అందులో డేవిడ్ కొడుకు జాన్‌ని తీసుకుని అక్కడినుంచి ఏకంగా రాబర్ట్ బ్రూస్ రాజు దాకా వెళ్ళిపోయారు. అది తీసుకోవచ్చా?

పాత_దస్తావేజు

డండీ కోడలు గారూ, ముందు ఆ రాజుగారి చెట్టు పక్కన పెట్టేయండి. ఎవరో ఒకరు ఇండెక్స్‌లో పేరు కలిసింది కదా అని అతికిస్తారు, వాళ్ళని చూసి ఇరవైమంది దించుకుంటారు, ఆ తర్వాత అందరూ రాశారు కాబట్టి నిజమే అయి ఉంటుందనిపిస్తుంది. పేరూ ఊరూ కలవడం ఒక్కటే రుజువు కాదు. ఒక్కో తరానికి ఒక్కో కాగితం ఉండాలి, అందులో ఇతను ఫలానావాళ్ళ కొడుకు అని రాసి ఉండాలి.

మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైంది ఆ 1855 జననం. ఇండెక్స్‌లో చూశాను అన్నారు కాబట్టి అసలు పేజీ ఇంకా తెరవలేదనుకుంటున్నాను. వెంటనే తెరవండి, ఇండెక్స్ వెతకడం ఉచితం, పేజీ చూడ్డానికి క్రెడిట్లు కొనుక్కోవాలి, కానీ ఈ ఒక్కదానికి పెట్టిన డబ్బు వృథా కాదు. స్కాట్లండ్‌లో జనన మరణాలు, పెళ్ళిళ్ళు ప్రభుత్వం నమోదు చేయడం 1855 జనవరి 1న మొదలైంది. ఆ మొదటి ఏడాది ఫారంలో వాళ్ళు అడగని వివరం లేదు: తండ్రి వయసు, ఆయన పుట్టిన ఊరు, తల్లి వయసు, ఆవిడ పుట్టిన ఊరు, పుట్టింటి పేరు, వాళ్ళ పెళ్ళి ఎప్పుడు ఎక్కడ జరిగింది, ఈ బిడ్డకి ముందు ఎంతమంది పుట్టారు, వాళ్ళలో బతికున్నవాళ్ళెందరు, పోయినవాళ్ళెందరు. అంతా రాయడం రిజిస్ట్రార్లకి తలకి మించిన పని అయిపోయి 1856 నుంచి ఫారం తగ్గించేశారు. తల్లిదండ్రుల పెళ్ళి వివరం మళ్ళీ 1861లో గానీ జనన పత్రంలోకి రాలేదు. ఒక్క ఏడాది ముందో వెనకో పుట్టి ఉంటే వీటిలో చాలావరకు మీకు దొరికేవి కావు.

తర్వాత జేమ్స్ మరణ పత్రం. ఇంగ్లండ్ మరణ పత్రాల్లో ఆ రోజుల్లో పోయినవాళ్ళ తల్లిదండ్రుల పేర్లు మామూలుగా ఉండవు, స్కాట్లండ్‌లో మొదటినుంచీ ఉన్నాయి, అదీ తల్లి పుట్టింటి పేరుతో సహా. జేమ్స్ 1861లో బతికే ఉన్నాడు కాబట్టి, స్కాట్లండ్‌లోనే పోయి ఉంటే ఆయన మరణ పత్రం ఉండాలి. అందులో తండ్రి జాన్ మగ్గం నేత, తల్లి మార్గరెట్ అని ఉంటే 1841 ఇంటికీ డండీకీ మధ్య లంకె కుదిరినట్టే. అదే విధంగా జాన్‌కి 1851లో 53 ఏళ్ళు, ఇంకో నాలుగేళ్ళు బతికి 1855 దాటి ఉంటే ఆయన మరణ పత్రంలోనూ ఆయన తల్లిదండ్రుల పేర్లుంటాయి. ఆ ఇద్దరు జాన్‌లలో ఎవరో తేల్చేది అదే. మీ తాతగారి వంశవృక్షంలో అన్నీ మగవాళ్ళ పేర్లే అన్నారు, ఇక్కడ మాత్రం పని జరిగేది ఆడవాళ్ళ పేర్ల మీదే. తండ్రి పేరు జేమ్స్ అయినవాళ్ళు ఊరినిండా ఉంటారు, జేమ్స్ తండ్రి, ఫలానా ఇంటి ఆడపడుచు తల్లి అయినవాళ్ళు ఒక్కరో ఇద్దరో ఉంటారు. స్కాట్లండ్ ఆడవాళ్ళు పెళ్ళయినా చట్టం దృష్టిలో పుట్టింటి పేరు పోగొట్టుకోలేదు, సమాధి రాళ్ళ మీద కూడా భార్యని పుట్టింటి పేరుతోనే చెక్కించారు.

ఇక వయసు సంగతి. 1841 జూన్ 6 రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారో ఆ లెక్క రాశారు. పదిహేను దాటినవాళ్ళ వయసుని కిందికి దించి అయిదు గుణిజంలో వేయమని గణకులకి చెప్పారు, అంటే 40 నుంచి 44 మధ్య ఉన్నవాళ్ళందరూ 40. 1851 మార్చి 30న 53 అంటే 1841 జూన్ నాటికి 43, మహా అయితే 44. రాసేది 40. జేమ్స్ కూడా అంతే, 1861లో 35 అయితే 1841లో 15 లేదా 16, రాసింది 15. ఏ తేడా లేదు, చక్కగా సరిపోయింది. అందరు గణకులూ ఈ నియమం పాటించలేదు, కొందరు అసలు వయసే రాసేశారు, కాబట్టి ఆ పేజీలో మిగతా ఇళ్ళ వయసులు కూడా చూడండి, అన్నీ అయిదులూ సున్నాలూ అయితే సరే.

బంధుత్వం, పెళ్ళయిందా లేదా, పుట్టిన పారిష్ ఇవన్నీ 1851 నుంచే. 1841లో పుట్టింది ఈ కౌంటీలోనేనా అంటే అవును, కాదు అని మాత్రమే. కానీ పేజీలో పేర్ల పక్కన చిన్న ఏటవాలు గీతలు ఉంటాయి చూడండి. ఒక్క గీత ఉంటే అదే ఇంట్లో ఇంకో కుటుంబం మొదలైందని, రెండు గీతలుంటే ఇల్లే మారిందని. ఎల్స్‌పెత్ తర్వాత రెండు గీతలుండి జాన్‌కీ ఎల్స్‌పెత్‌కీ మధ్య ఒక్కటీ లేకపోతే వాళ్ళందరూ ఒకే కుటుంబమని గణకుడు అనుకున్నట్టు. వాళ్ళలో మేనకోడలో పనిపిల్లో ఉండొచ్చు, అది గీతలు చెప్పవు. ఇండెక్స్‌లో ఈ గీతలు కనపడవు, అందుకే పేజీ తెరవమని ఇంతగా చెప్తున్నా.

పిల్లల పేర్లు చూస్తే నాకొకటి తోచింది. ఆ కాలపు స్కాట్లండ్‌లో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు పెట్టడం బాగా వాడుకలో ఉండేది. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టినట్టే. మీ జాన్ ఇంట్లో పెద్దవాడు జేమ్స్, రెండో ఆడపిల్ల ఎల్స్‌పెత్. అలాగైతే జాన్ తల్లిదండ్రులు జేమ్స్, ఎల్స్‌పెత్ అయ్యే అవకాశం ఎక్కువ. రిజిస్టర్లో ఆ జేమ్స్ భార్య పేరేమిటో చూసి చెప్పండి. ఇది రుజువు కాదు, ఎటు వెతకాలో చెప్పే సూచన. ఈ ఇంట్లో 1841కి ముందే పోయిన పిల్లలుంటే వరసే మారిపోతుంది.

తే_గట్టు

నేనూ డండీలోనే ఉంటానండీ, ఇక్కడి సంగతులు కొన్ని. ఆంగస్ అని ఇప్పుడంటున్న కౌంటీని 1928 దాకా అధికారికంగా ఫోర్ఫర్‌షైర్ అనేవారు, పాత పుస్తకాలూ సూచీలూ చాలావరకు ఆ పేరుతోనే ఉంటాయి. కిర్రీమ్యూర్ దానిలోదే, ఊరంతా నారబట్ట నేసే మగ్గాలు. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గం కూలి పడిపోయి ఆ చుట్టుపక్కల ఊళ్ళ జనం డండీ మిల్లులకి వచ్చేశారు, మీ జేమ్స్ కథ కూడా అదే అయి ఉంటుంది. జేమ్స్ భార్యా ఆడపిల్లలూ ఏం పని చేశారో కూడా చూడండి, డండీ మిల్లుల్లో ఆడవాళ్ళే ఎక్కువ, ఇల్లు నడిపింది చాలాచోట్ల వాళ్ళ జీతమే.

1861 పేజీ మళ్ళీ ఒకసారి తీసి చివరి గడి చూడండి. కిటికీ ఉన్న గదులెన్ని అని ఆ ఏడాది నుంచి స్కాట్లండ్‌లో అడిగారు. ఎడమవైపు మనుషుల పేర్లు లెక్కపెట్టి కుడివైపు ఆ అంకె చూడండి. ఏడుగురో ఎనిమిదిమందో ఉన్న ఇంటికి ఎదురుగా 1 అని ఉంటుంది ఈ ఊళ్ళో చాలా పేజీల్లో. మిల్లు మనుషులు ఎలా బతికారో నాకు ఏ చరిత్ర పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

అత్తయ్యగారికి ఓపికుంటే టే వ్యాలీ ఫ్యామిలీ హిస్టరీ సొసైటీకి తీసుకెళ్ళండి, ఊళ్ళోనే ఉంది, ఈ చుట్టుపక్కల కౌంటీల సమాధి రాళ్ళ మీద రాతలు దించిన పుస్తకాలు వాళ్ళ దగ్గర ఉంటాయి. 1855కి ముందు పోయినవాళ్ళకి అవే దిక్కు, ఎందుకంటే పారిష్‌లలో ఖననాల లెక్క చాలాచోట్ల సరిగా రాయలేదు, కొన్నిచోట్ల శవపేటిక మీద కప్పే గుడ్డకి కట్టిన అద్దె పద్దు ఒక్కటే మిగిలింది. డండీ నడిబొడ్డున ఉన్న హౌఫ్ శ్మశానంలో పూడ్చినవాళ్ళ జాబితా నగర ఆర్కైవ్స్ మిత్రబృందం వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టారు, అది ఉచితం.

డండీ_కోడలు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. రాత్రి మా ఆయనా నేనూ అత్తయ్యా ముగ్గురం కూర్చుని మీరు చెప్పినవన్నీ తెరిచాం.

1855 జనన పత్రంలో జేమ్స్ పుట్టింది కిర్రీమ్యూర్ అని, వయసు 29 అని, పెళ్ళి తేదీతో సహా ఉంది. అంతకుముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని కూడా ఉంది, ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, అత్తయ్య చాలాసేపు ఆ గడి దగ్గరే ఆగిపోయింది. జేమ్స్ మరణ పత్రంలో తండ్రి జాన్, మగ్గం నేత, తల్లి మార్గరెట్ అని ఉంది. జాన్ మరణ పత్రం 1862లో దొరికింది, తండ్రి జేమ్స్, తల్లి ఎల్స్‌పెత్, ఆవిడ పుట్టింటి పేరు మిల్. చనిపోయినట్టు చెప్పింది కొడుకు జేమ్స్, ఆయనకి సంతకం రాదు, ఇంటూ గుర్తు పెట్టాడు, దానికి అటూ ఇటూ రిజిస్ట్రార్ ఆయన పేరు రాశాడు.

ఇప్పుడు చిక్కల్లా బాప్తిస్మం రిజిస్టర్లో జాన్ తల్లి పేరు ఎలిజబెత్ మిల్న్ అని ఉండటం. మరణ పత్రంలో ఎల్స్‌పెత్ మిల్. వేరే మనిషా? పైగా జేమ్స్, ఎలిజబెత్‌లకి పుట్టిన పిల్లల్లో జాన్ ఒక్కడే కనిపిస్తున్నాడు, ముందు వెనక ఎవరూ లేరు.

పాత_దస్తావేజు

వేరే మనిషి అనుకోనక్కర్లేదు. ఎల్స్‌పెత్ అంటే ఎలిజబెత్తే, ఒకే ఆవిడని ఒకచోట అలా, ఒకచోట ఇలా రాసేవాళ్ళు. మిల్న్‌ని ఆ ప్రాంతంలో పలికేదే మిల్ అని, చెవిన పడ్డట్టు రాసుకున్నారు. ఇలాంటివి ఇంకా తగులుతాయి: జానెట్ జెస్సీ అవుతుంది, జీన్ జేన్ అవుతుంది, ఇసబెల్ ఇసబెల్లా అవుతుంది, పాట్రిక్‌ని పీటర్ అంటారు, ఉత్తరాన గేలిక్ మాట్లాడేచోట డొనాల్డ్‌ని డేనియల్ అని రాసేస్తారు. ఇంటిపేర్లలో మాక్ అన్నది మూడు నాలుగు రకాలుగా ఉంటుంది. వెతికేటప్పుడు దగ్గరి పేర్లన్నీ వచ్చేలా ఎంపిక ఉంటుంది, అది పెట్టుకోండి.

అయితే మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు చెప్పింది పోయినాయన కాదు, బతికున్న కొడుకు. ఎప్పుడో పోయిన ఆయన తల్లి పుట్టింటి పేరు అల్లుళ్ళూ పక్కింటివాళ్ళూ చెప్పాల్సి వస్తే తడబడేవాళ్ళు. మీ పత్రంలో చెప్పింది కొడుకే, చెల్లెలికి ఆ నాయనమ్మ పేరే పెట్టారు, కాబట్టి నమ్మొచ్చు. ఇంకా గట్టిపడాలంటే డేవిడ్ కొడుకు జాన్ ఏమయ్యాడో కూడా వెతకండి. చిన్నప్పుడే పోయాడా, ఇంకో ఊళ్ళో సంసారం చేసుకుంటూ జనాభా లెక్కల్లో కనిపిస్తున్నాడా? రెండోవాడి దారి తేలితే మీ జాన్ మీద అనుమానం పూర్తిగా పోతుంది. చాలామంది ఈ పని చేయరు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

మిగతా పిల్లలు కనపడకపోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. పారిష్ రిజిస్టరు అంటే అధికార చర్చి పుస్తకం. అందులో రాయించడం ఎవరికీ నిర్బంధం కాదు, పైగా డబ్బు కట్టాలి. 1783లో ప్రభుత్వం ఒక్కో నమోదుకి మూడు పెన్నీలు పన్ను వేసింది, 1794లో ఎత్తేసింది, ఆ పదకొండేళ్ళూ బీదవాళ్ళు చాలామంది రాయించడమే మానేశారు. జాన్ అన్నలూ అక్కలూ ఆ సంవత్సరాల్లో పుట్టి ఉంటే వాళ్ళ పేర్లు లేకపోవడంలో వింతేం లేదు. ఇంకోటి, 1733 నుంచి అధికార చర్చిలోంచి విడిపోయిన సంఘాలు వేరే ఉన్నాయి, నేతపనివాళ్ళు వాటిలో బాగా చేరారు. 1843లో అయితే పెద్ద చీలికే వచ్చి, మూడోవంతు పాస్టర్లు బయటికి వెళ్ళి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. వాళ్ళ బాప్తిస్మాలు వాళ్ళ పుస్తకాల్లో ఉంటాయి. స్కాట్లండ్స్‌పీపుల్‌లో ఇతర చర్చిలు అన్న విభాగంలో విడిగా వెతకాలి, కాథలిక్కులవి కూడా విడిగానే.

జాన్, మార్గరెట్‌ల పెళ్ళి వెతికేటప్పుడు వధువు పారిష్‌లో ఒకటి, వరుడి పారిష్‌లో ఒకటి, రెండు నమోదులు దొరకొచ్చు. చాలావరకు అవి చర్చిలో పెళ్ళి ప్రకటన చదివిన తేదీలు, పెళ్ళి జరిగిన రోజు కాదు. ఒకచోట వధువు తండ్రి పేరు ఉండి ఇంకోచోట లేకపోవచ్చు, రెండూ చూడండి.

కిర్రీమ్యూర్ కిర్క్ సెషన్ పుస్తకాలు కూడా వదలకండి. అంటే చర్చి పెద్దల పంచాయితీ మినిట్సు. పెళ్ళి కాకుండా బిడ్డ పుట్టినా, పెళ్ళయిన ఆరు నెలలకే పుట్టినా ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ పిలిచి నిలబెట్టి విచారించారు, ఎవరేమన్నారో రాసుకున్నారు. చదువుతుంటే ఆ ఆడపిల్లల మీద జాలేస్తుంది, కానీ బాప్తిస్మంలో తండ్రి పేరు ఖాళీగా ఉన్న బిడ్డకి తండ్రి ఎవరో తెలిసేది ఒక్కోసారి అక్కడే. ఊళ్ళో ఏ బీదవాళ్ళకి ఎంత సాయం ఇచ్చారో ఆ పద్దులు కూడా వాటిలోనే. వాటికి పేర్ల ఇండెక్స్ లేదు, పేజీ పేజీ తిప్పుతూ చదవాల్సిందే.

వాల్తేరు_తమ్ముడు

ఈ చర్చ చూసి అడుగుతున్నా. మాది విశాఖ, మా అమ్మమ్మ తండ్రి స్కాట్లండ్ మనిషని ఇంట్లో చెప్తారు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేశాడట. నేను ఎక్కడ మొదలుపెట్టాలి? కైఫీయత్తులు సేకరించిన మెకంజీ గారు లూయిస్ ద్వీపం మనిషని చదివాను, అలాంటివాళ్ళ వివరాలు కూడా ఇవే రిజిస్టర్లలో ఉంటాయా?

పాత_దస్తావేజు

మీరు ఇటునుంచి మొదలుపెట్టాలి తమ్ముడూ. మద్రాసు ప్రెసిడెన్సీలో చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్‌కి పంపేవారు, అవి బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 అనే వరసలో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్ సైటులో బొమ్మలు దొరుకుతాయి. ఫిబిస్ అని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ ఒకటుంది, వాళ్ళ సూచీ ఉచితంగా వెతకొచ్చు. ముత్తాతగారి పెళ్ళి నమోదు దొరికితే ఆయన తండ్రి పేరు తెలుస్తుంది, అప్పుడు స్కాట్లండ్ వైపు వెళ్ళండి. ఊరు తెలియకుండా ముందే అటు వెళ్తే ఒకే పేరున్నవాళ్ళు వందలమంది తగులుతారు.

మెకంజీ గారు లూయిస్ ద్వీపంలోని స్టోర్నవే ఊళ్ళో పుట్టారు, కానీ ఆయన పుట్టిన ఏడాదినే 1754 ప్రాంతం అని ఉజ్జాయింపుగా చెప్తారు. ఆ ద్వీపాల్లోనూ ఉత్తర కొండప్రాంతాల్లోనూ చాలా పారిష్‌ల రిజిస్టర్లు ఆలస్యంగా మొదలయ్యాయి, కొన్నయితే 1800 దాటాకే. పర్త్‌షైర్‌లో ఎర్రల్ అనే పారిష్‌కి 1553 నుంచే ఉంది, అదే అన్నిటికంటే పాతది. మీవాళ్ళు ఏ పారిష్ వాళ్ళన్నదాన్ని బట్టి ఎంత వెనక్కి వెళ్ళగలరో ఆధారపడి ఉంటుంది.

డండీ_కోడలు

డేవిడ్ కొడుకు జాన్ దొరికాడు! 1851లో ఫోర్ఫర్‌లో భార్యా పిల్లలతో ఉన్నాడు, 1870లో పోయాడు, మరణ పత్రంలో తండ్రి డేవిడ్ అని స్పష్టంగా ఉంది. అంటే మన జాన్ జేమ్స్, ఎల్స్‌పెత్‌ల కొడుకే. అత్తయ్యకి చెప్తే ఎల్స్‌పెత్ మిల్ పేరు కూడా పిల్లల వంశవృక్షంలో పెద్ద అక్షరాలతో రాయమంది. మా తాతయ్య రాసిన వంశవృక్షానికి కూడా నాయనమ్మలూ ముత్తవ్వల పేర్లు చేర్చాలని మా పెద్దమ్మని అడగడం మొదలుపెట్టాను.

ఒక్క చివరి సందేహం. 1921 లెక్కల్లో అత్తయ్య వాళ్ళ తాతగారి ఇల్లు డండీ చిరునామాలో లేదు, అంతకుముందూ ఆ తర్వాతా అక్కడే ఉన్నారు.

తే_గట్టు

1921 లెక్క మామూలుగా ఏప్రిల్‌లో జరగాలి, బొగ్గు గనుల గొడవల వల్ల వాయిదా పడి జూన్ 19న జరిగింది. వేసవి కదా, ఆ రాత్రి బంధువుల ఊళ్ళో ఉన్నవాళ్ళని అక్కడే రాశారు. చిరునామా వదిలేసి పేరు, వయసు పెట్టి ఆంగస్ మొత్తం వెతకండి, దొరక్కపోతే ఫైఫ్, పర్త్‌షైర్ కూడా. పిల్లల్లో అరుదైన పేరున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు ఆ పేరుతో వెతకండి, తొందరగా తగులుతారు.